హాజరు బోనసు

మధ్యాహ్నం పన్నెండు దాటింది. చేపల బజారు పక్క కాలవలో పొద్దుటి నుంచి పూడిక తీసి తీసి మునిసిపాలిటీ పారిశుధ్య జట్టు ఆడవాళ్ళ నడుములు పడిపోయాయి. టీ వచ్చింది. సంపూర్ణమ్మ అందరికీ గ్లాసులు అందించి, నాగదుర్గ దగ్గరికి వచ్చేసరికి పక్కకి తిరిగిపోయింది. నాగదుర్గ లేచి కుళాయి దగ్గరికి వెళ్ళి దోసిలితో నీళ్ళు తాగింది.

గోదావరి గట్టు కింద ఉన్న ఆ మునిసిపాలిటీలో ఈ ఏడే ప్రోత్సాహక బోనసు పెట్టారు. జట్టులో ఒక్కరు కూడా నాగా పెట్టకపోతే మనిషికి నెలకి వెయ్యి రూపాయలు. ఒక్కరు మానినా జట్టు మొత్తానికి లేదు. ఇదివరకు ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే మిగిలినవాళ్ళు ఆమె వీధి కూడా ఊడ్చేసేవారు. ఇప్పుడు మేస్త్రి జానకిరామ్ ఎవర్నీ తిట్టనక్కర్లేదు. ఆ పని వాళ్ళలో వాళ్ళే చేసుకుంటున్నారు.

కిందటి నెల నాగదుర్గ రెండ్రోజులు పనికి రాలేదు. మూడో నెల కడుపు పోయింది. భర్త చేపల లారీ మీద ఒరిస్సా వెళ్ళి ఉన్నాడు. ఆసుపత్రికి ఆటోలో ఒక్కతే వెళ్ళింది, ఒక్కతే తిరిగొచ్చింది. బోనసు పోగొట్టావన్నారే గాని ఎందుకు రాలేదని జట్టులో ఎవరూ అడగలేదు. అడగనివాళ్ళకి ఏమని చెబుతుంది?

టీలయ్యాక మళ్ళీ పారలు పట్టగానే బేబీ కాలవ అంచున కూలబడింది. చిన్న పిల్ల, తొలి చూలు, ఏడో నెల. కాళ్ళు వాచి చెప్పుల్లో దూరడం లేదు.

"కళ్ళు తిరుగుతున్నాయి పిన్నీ."

"రేపొక్కరోజు ఓర్చుకోవే. నెల అయిపోద్ది," అంది సంపూర్ణమ్మ. ఆ గొంతులో కోపం లేదు, భయమే. కొడుకు కాలేజీ ఫీజుకి ఆమె ఆ వెయ్యి మీదే ఆశ పెట్టుకుంది.

నాగదుర్గ వచ్చి బేబీ చేతిలోంచి పార తీసి పక్కన పెట్టింది. "లే. ఆసుపత్రికెళ్దాం."

జానకిరామ్ బండి దిగాడు. "ఇప్పుడెళ్తే ఇద్దరికీ ఆబ్సెంట్ వేసేత్తాను. మళ్ళీ అందరికీ పోద్ది, అదీ నీ వల్లే. పోయినసారి పోయింది చాల్లేదా?"

"పోయినసారి నాకు పోయింది బోనసు కాదండీ, కడుపు."

ఆ మాట ఆమె పైకి అనడం అదే మొదలు. పారలు ఆగిపోయాయి. సంపూర్ణమ్మ తన పార కాలవ గట్టుకి ఆనించేసింది.

"ఆబ్సెంట్ వేసుకోండి మేస్త్రిగారూ. ఈ పిల్లని మాత్రం నేనిక్కడ ఉంచను."

బేబీ భుజం చుట్టూ చెయ్యి వేసి, ఎండలో ఆటోస్టాండు వైపు నడిపించింది. మలుపు దగ్గర, వెనకనుంచి ఎవరైనా పిలుస్తారేమోనని ఒక్కక్షణం ఆగింది. ఎవరూ పిలవలేదు. కాలవలో పారల చప్పుడు కూడా మళ్ళీ మొదలవలేదు.