ఒకటో నంబరు గోడ

మదనపల్లె చిత్రకళా సంఘంలో గోడలు పంచుకునే పద్ధతి ఒకటుంది. ప్రదర్శనకు ముందురోజు మధ్యాహ్నం బిస్కెట్ల డబ్బాలో గోడల నంబర్లు రాసిన చీటీలు వేసి, ఎవరి చోటు వాళ్ళే తీసుకుంటారు. రాలేకపోయినవాళ్ళ తరఫున కార్యదర్శి తీస్తాడు. పదకొండేళ్ళుగా ఆ కార్యదర్శి జయరత్నం. కాలేజీలో చరిత్ర చెప్పిన మనిషి కావడంతో ఆయన మీద ఎవరికీ అనుమానం కలగదు. ఆ నమ్మకమే ఇప్పుడు ఆయన్ను లోలోపల కోస్తోంది.

నిన్న ఆయనకు పద్నాలుగో నంబరు వచ్చింది. హాలు చివర, వంటగదికి పోయే సందు పక్కన, వెలుతురు సరిగా సోకని గోడ. పుంగనూరు నుంచి రావలసిన మైమూన్ బీకి బస్సు దొరకలేదు. ఆమె పేరిట తీస్తే ఒకటో నంబరు, గుమ్మానికి ఎదురుగోడ. కుప్పం నుంచి చెల్లెలు ఫ్లారెన్స్ మొట్టమొదటిసారి ఆయన బొమ్మ చూడటానికి వస్తోంది, "నీ బొమ్మలు ఎవురన్నా సూస్తారా అన్నా?" అని ఇరవై ఏళ్ళుగా నవ్వే చెల్లెలు. మిగతావాళ్ళు టీ కోసం అటు తిరిగిన క్షణంలో జయరత్నం రెండు పేర్లనూ తారుమారు చేసి పుస్తకంలో రాసేశాడు.

ఈరోజు ఉదయం ఫ్లారెన్స్ గుమ్మంలోనే ఆగిపోయింది.

"అన్నా! అందరికన్నా ముందు నీ గుర్రంకొండ కోట బొమ్మనే పెట్టినారే! ఇన్నాళ్ళూ నిన్ను ఎగతాళి చేస్తాంటినే! ఈడ నిలబడు, ఫోటో తీస్తా. నవ్వప్పా!"

ఆయన నవ్వాడు. ఆ నవ్వు తన ముఖానికి అతికినట్టు లేదని ఆయనకే తెలుస్తోంది.

అంతలో మైమూన్ బీ వచ్చింది. పుంగనూరులో బట్టలు కుట్టే యాభై ఏళ్ళ మనిషి. పసుపూ దానిమ్మ తొక్కా ఉడికించిన రంగులతో గుడ్డమీద బొమ్మలు వేస్తుంది. టమోటాలు ఏరుతున్న ఆడవాళ్ళను వేసి, ఆ బొమ్మను తమ్ముడి చేత ముందే పంపించింది. సందు పక్కన దాన్ని చూసుకుని, నేరుగా జయరత్నం దగ్గరికి నడిచింది.

"సార్, మీకు శానా తెలుసు. పసుపుకు వెలుతురు తగిలితే వెలిసిపోతాది. అది కనిపెట్టి నా బొమ్మను నీడలో పెట్టించినారు. ఎవురు ఇంత ఆలోచిస్తారు? మీకు మేలు జరగాలని అల్లాకు దువా చేస్తాండా."

తిట్టి ఉంటే తట్టుకునేవాడు. ఆ దువా ఆయన గుండెమీద బండలా పడింది.

"అమ్మా, నేనేమీ ఆలోచించలేదు," అన్నాడు జయరత్నం. "మీకు వచ్చింది ఒకటో నంబరు. ఆ ఎదురుగోడ మీది. నేను నా పేరు రాసుకున్నాను."

ఫ్లారెన్స్ ఫోను దించింది.

"ఈ ప్రదర్శన మూడు దినాల వెలుతురుకు నా పసుపుకేం కాదు సార్," అంది మైమూన్ బీ. "మీరు మంచిమనసుతో పెట్టినారనుకొని, నీడలో పెట్టినదానికి సాకు నేనే వెతుక్కుంటి. చెప్పకుండా ఉంటే సంతోషంగా ఇంటికి పోతాంటి. ఇప్పుడు చెప్పినారు కదా. పట్టండి, దించుదాం."

"నేను మార్పిస్తాను, మీరు కూర్చోండమ్మా."

"లేదప్పా. నా బొమ్మ నేనే మోస్తా. మీది మీరు మోయండి."

హాలు నడిమధ్యలో, చేతుల్లో చట్రాలతో ఇద్దరూ ఎదురుపడ్డారు. అధ్యక్షుడు శరత్ బాబు మాలల పళ్ళెం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది సార్, జనం వచ్చినాక మారుస్తాండారు? యాల? ఏమైంది?"

మైమూన్ బీ జయరత్నం వైపు చూస్తూ నిలబడింది. చెల్లెలూ చూస్తోంది. ఆయన కోట బొమ్మను ఛాతీకి ఆనించుకున్నాడు.

"ఆ గోడ ఈమెది, శరత్. నిన్న నేను దొంగిలించాను."

శరత్ బాబు చేతిలో పళ్ళెం ఒరిగి, చామంతులు రెండు నేలమీద పడ్డాయి. వెనక నుంచి ఎవరో, "సార్ ఏమన్నాడు?" అని అడిగారు. జయరత్నం ఈసారి అందరికీ వినబడేటట్టు మళ్ళీ చెప్పాడు.