చెంబెడు నీళ్లు

రామాంజినమ్మ క్యాను కుళాయి కింద రాగిచెంబు పట్టుకుని, నీళ్లు మెడదాకా రాగానే కట్టేసింది. కుళ్లాయప్పకు ఆ రోజంతటికీ అవే నీళ్లు. మాత్ర మింగినా, మజ్జిగ కలిపినా అందులోంచే తీయాలి.

"కొసరు పొయ్యవా మ్మీ?" అన్నాడు ముసలాయన మంచం మీద నుంచి.

"పొయ్యను నాయనా."

రోజూ వాళ్లిద్దరికీ అదే పొద్దుటి పలకరింపు.

అనంతపురం ఊరి చివర, పామిడికి పోయే దారిలో ఉంది ఆ కేంద్రం. పెద్దాసుపత్రిలో వైద్యం అయిపోయినా ఇంటికి పోయే సత్తువ లేని ముసలివాళ్లను అక్కడ కొన్నాళ్లు ఉంచుకుని చూస్తారు. రామాంజినమ్మ అక్కడ ఆయా. స్నానాలు చేయించడం, తినిపించడం, పక్కలు మార్చడం ఆమె పని. పొట్టి మనిషి. బిందెలు మోసి మోసి ఒక భుజం కొంచెం కిందికి వాలి ఉంటుంది. ఆమె సెలవు పెట్టిన రోజున తప్ప ఆమె ఉన్న సంగతి ఎవరికీ గుర్తుకు రాదు.

కుళ్లాయప్పది గుండె జబ్బు. మొదటిసారి ఆస్పత్రి నుంచి వచ్చినప్పుడు ఆయనకు నీళ్లు తగ్గించాలని రామాంజినమ్మకు ఎవరూ చెప్పలేదు. ఆయన అడిగినప్పుడల్లా పొర్లేటట్టు పోసింది. బెళుగుప్ప పక్క పల్లెలో పుట్టిన మనిషి ఆమె. ఎంతో దూరం నుంచి మోసుకొచ్చిన నీళ్లను కూడా, దారిన పోయేవాడు అడిగితే ఎవరు ఏమిటని చూడకుండా పోసేది వాళ్లమ్మ. ఆ అలవాటే బిడ్డకూ వచ్చింది. వారం తిరక్కుండానే ముసలాయన కాళ్లు పొంగి, పడుకుంటే ఊపిరాడక, అంబులెన్సులో మళ్లీ ఆస్పత్రికి పోయాడు.

నర్సు ప్రసూన ఆమెను తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. పాతబడిన మోటారు నీళ్లు ఎత్తలేనట్టు ఆయన గుండె ఎత్తలేకపోతోంది, మనం పోసేకొద్దీ కాళ్లలోకీ రొమ్ములోకీ చేరుతున్నాయి అంది. రామాంజినమ్మ ఆ పూట అన్నం తినలేదు. ఆయన తిరిగొచ్చిన రోజే ఈ చెంబు కొలత పెట్టుకుంది. మళ్లీ తన చేతి మీదుగా ఆ మనిషి అంబులెన్సు ఎక్కకూడదు, అంతే.

ఆయన కోరేదీ అదే. "నన్ను మల్లా ఆడికి పంపొద్దు మ్మీ. ఆడ ఆకాశం గూడా కనపడదు" అన్నాడు, వచ్చిన రోజున.

అట్లాగని నీళ్ల విషయంలో మాట వినే రకం కాదు. బతుకంతా గొర్రెల వెంట తిరిగినవాడు. నీళ్లు కనపడినప్పుడే కడుపు నిండా తాగాలి, మళ్లీ ఎక్కడ దొరుకుతాయో తెలియదు అన్నది ఆయనకు ఒంట్లో ఇంకిపోయిన సంగతి. ఒకసారి స్నానం మగ్గులోంచి తాగుతూ దొరికిపోయాడు. అప్పటి నుంచి ఆమె వీపు రుద్దుతున్నా కళ్లు మాత్రం ఆయన నోటి మీదే పెడుతుంది.

ఆ పొద్దున ఆయన చీలమండ పైన బొటనవేలితో నొక్కి చూసింది. సొట్ట పడలేదు, నీరు చేరలేదన్నమాట. సంగటి ముద్దలు చేసి తినిపిస్తుంటే, ఉప్పులేని కూడు గొర్రెలు కూడా ముట్టవని సణిగాడు. సణిగే ఓపిక ఉందంటే మంచిదే అనుకుంది.

మధ్యాహ్నం వడగాలి కిటికీ రెక్కలను కొట్టింది. ఆమె తడిగుడ్డతో ఆయన మొహం, మెడ తుడిచింది. ఆయన నాలుకతో పెదాలు తడుపుకుని, ఒక్క గుక్క ఇమ్మన్నాడు. రాత్రికి కావాలి కదా అని ఆమె మొహం తిప్పుకుంది. ఆయన మళ్లీ అడగలేదు. అడిగినా బాగుండేది. నీళ్లడిగిన మనిషికి లేదన్న పాపం మా ఇంటావంటా లేదే అనుకుంది. నాలుగు దుప్పట్లు మడిచేసరికి ఇక పట్టలేక, కిటికీ గూట్లోని చెంబు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"తాగు నాయనా. ఏమైతే అయితాది."

కుళ్లాయప్ప చెంబును రెండు చేతులా పట్టుకున్నాడు. లోపలికి చూశాడు. పెదాలు తడుపుకుని తిరిగి ఇచ్చేశాడు.

"ఉండనీలే. రేత్రి కూడు తిన్నంక నోరు ఎండిపోతాది. అప్పటికి పెట్టు."

ఆమెకు ఎంత సంతోషమయిందో చెప్పలేం. చెంబు మీద మూత పెట్టి గూట్లో ఉంచి, పరుగున పోయి ప్రసూనకు చెప్పింది. మొండి పిల్లాడు తనంతట తానే బడికి పోతే తల్లి చెప్పుకున్నట్టు చెప్పింది. ఇంక ఈయన ఆస్పత్రి మొహం చూడడు అంది.

సాయంత్రం ఆరిన బట్టలు తెచ్చి, ఇంటికి పోయే ముందు ఆయన దగ్గరికి వచ్చింది. కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్ర చెడగొట్టడం ఎందుకని దుప్పటి కొంచెం జరిపి, అలవాటుగా చీలమండ పైన నొక్కింది. వాపు లేదు. గొర్రెల వెంట నడిచిన రోజుల్లో ఎట్లా ఉండేదో అట్లాగే సన్నగా ఉంది కాలు. చల్లగా ఉంది.

ప్రసూన వచ్చి ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. గొట్టం తీసి మెడలో వేసుకుంది.

"అంబులెన్సు పిలవల్లా మేడమ్?" అంది రామాంజినమ్మ.

అక్కర్లేదని ప్రసూన తల ఊపింది. నిద్రలోనే పోయాడు, కష్టపడలేదు అంది. పామిడిలో ఉన్న ఆయన కూతురికి ఫోను చేయడానికి బయటికి నడిచింది.

రామాంజినమ్మ ఆయన పాదాల మీదికి దుప్పటి లాగింది. గొంతులో పోద్దామని చెంబు వైపు చేయి చాచి, ఇప్పుడు పోసినా దిగవని గుర్తొచ్చి, మంచం పక్కనే కూలబడి ఏడ్చింది.

బయట గుట్టల మీద ఇంకా కొంచెం వెలుతురుంది. కిటికీ గూట్లో రాగిచెంబు మూత వేసింది వేసినట్టే ఉంది, రాత్రికి ఉంచిన నీళ్లతో.