పడవకి నాలుగు చిల్లులు

చిల్లు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. ముప్పై రెండేళ్ళుగా నా పనే అది. విశాఖపట్నంలో మేడల మీది నీళ్ళ ట్యాంకులు కారితే జనం నన్నే పిలుస్తారు. హీట్ గన్‌తో ప్లాస్టిక్ కడ్డీ కరిగించి పగులులో పోసి, చల్లారాక గీకి, పైన ఇంకో పూత వేస్తాను. ఆటోనగర్‌లో నా షెడ్డు మీద 'సిరాజ్ ప్లాస్టిక్ వెల్డింగ్' అని బోర్డుంటుంది. నేను అతికిన ట్యాంకు మళ్ళీ కారిందని ఇంతవరకూ ఒక్కడూ నా గడప తొక్కలేదు. గొప్పలు పోతున్నానని మీరనుకుంటే అనుకోండి, ఉన్నమాటే చెబుతున్నాను. ఆ గొప్పే కిందటి ఫిబ్రవరిలో మా అర్జునరావు ప్రాణం మీదికి తెచ్చింది.

అర్జునరావుది జాలారిపేట. పాత ఊళ్ళో మా నాన్న వలలకి కట్టే సీసపు గుండ్లు అమ్మేవాడు. అవి కొనడానికి వాళ్ళ నాన్న వెంట వచ్చేవాడు వీడు. అప్పట్లో ఎవరు మొదలుపెట్టారో గానీ నేను వాడికి బావని, వాడు నాకు బావ. మా ఇద్దరి మధ్య మతం అడ్డొచ్చిన రోజు ఒక్కటీ లేదు. వాడి మొండితనం అడ్డొచ్చిన రోజులు మాత్రం బోలెడు.

ముప్పై ఏళ్ళు ఫిషింగ్ హార్బరు బోట్ల మీద వేటకెళ్ళాడు. రెండేళ్ళ కిందట వల లాగుతుంటే ఇనప తాడు తెగి కుడి మోకాలికి తగిలింది. ఎముక అతుక్కుంది గానీ ఆ కాలు మడత పడదు. కర్రలా చాపుకునే కూర్చోవాలి. అలాంటివాణ్ణి ఏ బోటు వాళ్ళు ఎక్కించుకుంటారు? హార్బరులో వలలు బాగుచేసే పనిలో కూర్చున్నాడు. పనికేం లోటు లేదు. కానీ బోట్లు బయల్దేరే వేళకి వాడు వలతో సహా పక్కకి జరిగి, సముద్రానికి వీపు పెట్టి కూర్చునేవాడు. ఎన్నిసార్లు చూశానో.

అలాంటివాడు ఒకరోజు పొద్దున్నే ట్రాలీ ఆటోలో పసుపురంగు ప్లాస్టిక్ పడవ వేసుకుని మా ఇంటి ముందు దిగాడు. పదడుగులుంటుంది. ముక్కు దగ్గర పగిలింది.

"ఏటి బావా ఇది?" అన్నాను.

"పడవ."

"పడవని నాకూ కనపడతంది. ఎవులిది?"

"నాదే. ఏ రిసార్టులోనో పారేసినారు, తుక్కు కొట్లో దొరికింది. ఒక్క మనిసికి సాలు బావా. కాలు సాపుకుని కూకోడానికి ఒక సీటు అతికీ, సేపలెయ్యడానికి డబ్బా ఒకటి, గేలాలకి పట్లు రెండు. తెడ్డేసుకుని దగ్గిరలోనే తిరిగొచ్చెత్తాను."

వాడింకా మాట ముగించలేదు, వెనకాలే ఇంకో ఆటోలో చిట్టమ్మ దిగింది. వాడి భార్య. వాడు నాకు బావ కాబట్టి ఆవిడ నాకు చెల్లెలు. చేపల గంప కూడా దించకుండా, "అన్నియ్యా, దాన్ని నువ్వు ముట్టుకోకు" అంది.

"ముట్టుకోనమ్మా."

"ముట్టుకోనంటే ఈ మనిసి ఇంకోడి దగ్గరికి ఎల్తాడు. ఆడెలా సేత్తాడో ఏటో!" అని తనే కాసేపు ఆలోచించి, గంప దించి, మొగుడి వైపు తిరిగింది. "నా నెత్తి మీద సెయ్యెట్టు. అన్నియ్య సేసిన పడవ మీద ఒక్కపాలి ఏటైనా తేడా వచ్చిందంటే మరి సముద్రం మాట ఎత్తనని ఒట్టెయ్యి."

అర్జునరావు తడుముకోకుండా ఆవిడ నెత్తి మీద చెయ్యి పెట్టాడు. "నీ మీదొట్టు." అని నా వైపు చూశాడు. వాడి సముద్రం అంతా తీసుకొచ్చి నా చేతిలో పెట్టినట్టే చూశాడు. నాకు ఆ క్షణంలోనే భయమేసింది.

భయమేస్తే నేను పని ఎక్కువ చేస్తాను. అది నా జబ్బు.

ఆ సాయంత్రమే వాకిట్లో పడవ బోర్లించి చూద్దును కదా, అడుగున నాలుగు చిల్లులు! ఒక్కోటి రూపాయి బిళ్ళంత. ఈ పక్క నుంచి ఆ పక్కకి దూసుకుపోయాయి. పైనుంచి చూస్తే కింద నేల కనబడుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. గొలుసు కట్టి తాళం వేయడానికి రిసార్టు వాడెవడో డ్రిల్లు దింపేసి ఉంటాడు, పనికిమాలిన వెధవ అనుకున్నాను.

మా ఆవిడ నూరున్నీసా బట్టలు తీస్తూ వంగి చూసింది. ఇంట్లో మేం ఉర్దూలోనే మాట్లాడుకుంటాం గానీ మీకు తెలుగులోనే చెబుతాను. "నాలుగూ ఒకేలా ఉన్నాయి కదా, చేసినవాళ్ళే పెట్టారేమో. ఆయన్ని ఒక మాట అడగరాదా?" అంది.

"పడవకి చిల్లులు పెట్టి అమ్మే వెర్రివాడు ఎక్కడైనా ఉంటాడా? నీ పని చూసుకో" అన్నాను.

అర్జునరావుని అడగలేదు. చిల్లుల పడవ కొనుక్కొచ్చానని తెలిస్తే చిన్నబుచ్చుకుంటాడని, చెప్పకుండానే పని కానిచ్చేద్దామనుకున్నాను. ముక్కు దగ్గరి పగులు పూడ్చి, నాలుగు చిల్లులకీ పైనా కిందా బిళ్ళలు కోసి పెట్టి అతికాను. చేత్తో తడిమితే కూడా తెలియనంత నున్నగా గీకాను. కెరటం లోపలికి రాకుండా నీలం డ్రమ్ము కోసి చుట్టూ జానెడు ఎత్తు గోడ లేపాను. కుంటి కాలు జారకుండా అడుగంతా మందపాటి రబ్బరు షీటు పరిచాను. సీటు మాత్రం వాడి కొలతకే చేశాను. వీపుకి ఆనిక, కుడికాలికి బారుగా గాడి. రోజూ షెడ్డు కట్టేసి వచ్చి వాకిట్లో కూర్చుంటే పన్నెండు రోజులు పట్టింది.

ఆఖర్న పరీక్ష. ట్యాంకుకైతే నేనేం చేస్తాను? నిండా నీళ్ళు పట్టి, నీటి అంచున పెన్సిల్‌తో గీత గీసి, మర్నాడు చూస్తాను. పడవకీ అదే చేశాను. కుళాయి నీళ్ళన్నీ పడవలో పోస్తుంటే నూరున్నీసా నెత్తి కొట్టుకుంది. తెల్లారి చూస్తే నీళ్ళు గీత మీదే ఉన్నాయి. చుక్క తగ్గలేదు. అల్లా దయ అనుకుని అర్జునరావుకి ఫోన్ చేశాను.

వాడొచ్చి సీటులో కూర్చున్నాడు. కాలు గాడిలో సరిగ్గా ఇమిడింది. రెండు చేతులతో లేని తెడ్డు పట్టుకుని అటూ ఇటూ వేసి చూశాడు. "బావా!" అన్నాడు.

మర్నాడు పొద్దు పొడిచాక జాలారిపేట ఒడ్డున పడవ దించాం. చిట్టమ్మ పడవ ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టింది. గంగమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టింది. అర్జునరావు కూర్చుని తెడ్డు అందుకున్నాడు. నేను మోకాళ్ళలోతు దాకా తోసి ఆగిపోయాను. అంతకు మించి నేనెప్పుడూ సముద్రంలోకి దిగలేదు. యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఈత రాదు.

మొదటి కెరటం పడవ ముక్కు మీద నుంచి లోపలికి పడింది. నేను కట్టిన గోడ దాకా పడవ నిండిపోయింది. నిండిన నీళ్ళు అలాగే ఉండిపోయాయి. వాడు తెడ్డు వేస్తున్నాడు గానీ పడవ కదలడం లేదు. లోపలి నీళ్ళన్నీ ఒకసారి ఎడమ పక్కకి, ఒకసారి కుడి పక్కకి పరిగెడుతున్నాయి. రెండో కెరటం పక్కనుంచి తగిలేసరికి పడవ తిరగబడింది. వాడు పైకి రాలేదు. కాలు గాడిలో ఇరుక్కుపోయింది.

పక్కనే వల లాగుతున్న వాళ్ళు నలుగురు వదిలేసి దూకారు. వాణ్ణి ఒడ్డుకి ఈడ్చుకొచ్చేసరికి ముక్కులోంచి, నోట్లోంచి నీళ్ళు. దగ్గి, కక్కి, కళ్ళు తెరిచాడు. చిట్టమ్మ కొట్టుకొచ్చిన తెడ్డు తీసి భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఆవిడ నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఆ పరిస్థితిలో కూడా నేనేమన్నానో తెలుసా? చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. "నా వెల్డింగు ఎక్కడా కారలేదు బావా, కావాలంటే సూడు" అన్నాను.

అర్జునరావు పాక్కుంటూ పడవ దగ్గరికి వెళ్ళి రబ్బరు షీటు ఎత్తాడు. అడుగంతా తడిమాడు. "కన్నాలేవి?"

"పూడ్సీసినాను."

వాడు నా మొహంలోకి చూశాడు. తరవాత నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు తెర అడ్డొస్తున్నా నవ్వాడు.

"ఓరి నీ ట్యాంకులు తగలెయ్యా! అయి నీల్లు పోడానికి బావా. మా అయ్య తెప్పని నువ్వు సూడలేదేటి? నాలుగు దుంగలు తాడుతో కట్టీడమే. దుంగకీ దుంగకీ సందు. కెరటం నెత్తి మీద పడితే సందుల్లోంచి దిగిపోయీది. మా అయ్యకి ఏ రోజూ కాళ్ళు పొడిగా లేవు. అలాగని ఎప్పుడూ ములగలేదు. కెరటాన్ని రావొద్దంటే ఇంటాదేటి? వచ్చింది పోవాల, అంతే." ఒక్క క్షణం ఆగి, "నాదీ తప్పే. సీటు సూసి మురిసిపోనాను, అడుగు సూడలేదు" అన్నాడు.

నేను పడవ చేయలేదు. తొట్టి చేసి అందులో నా స్నేహితుణ్ణి కూర్చోబెట్టాను. పెన్సిల్ గీత గీసి మరీ.

"మల్లీ తీసెత్తాను బావా, రెండ్రోజులు" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. "ఒట్టేసినాను గదా. మరయిపోనాది." చేతికర్ర ఊతంగా లేచి, సముద్రం వైపు చూడకుండా ఇంటి దారి పట్టాడు.

పడవని ఇంటికి తెచ్చుకుని డ్రిల్లు అందుకున్నాను. చిల్లంటే ఊరికే బెజ్జం కాదు, గాలి నిండిన పడవ పొట్టలోంచి దిగే గొట్టం. గొట్టం గోడకి డ్రిల్లు తగిలిందా, పొట్టలోకి నీళ్ళు చేరి పడవ నిజంగానే మునుగుతుంది. ఊపిరి బిగబట్టి, బిళ్ళ అంచు వరకే కోశాను. అంత మంచి అతుకుని నా చేతులతో నేనే తీసేశాను. గోడలు కూడా పీకేశాను. సీటులో గాడికి పక్క అంచు కోసి, కాలు ఎటైనా బయటికి వచ్చేలా చేశాను. రబ్బరుకి నాలుగు చోట్ల కంతలు వేశాను. బిందెడు నీళ్ళు కుమ్మరిస్తే నేను చూస్తుండగానే కిందికి పోయాయి. నూరున్నీసా ద్వారం దగ్గర నిలబడి చూసింది. నేను చెప్పాను కదా అని మాత్రం అనలేదు. అందుకు ఆవిడకి ఎంతో రుణపడ్డాను.

మూడో రోజు పడవని ఆటోలో వేయించి జాలారిపేట ఒడ్డున దించి, చిట్టమ్మ దగ్గరికి వెళ్ళాను. ఇంటి ముందు చేపలు ఆరబెడుతోంది. తెడ్డు గోడకి ఆనించి ఉంది.

"తప్పు నాది సెల్లెమ్మా. ఆడిది గాదు, పడవది గాదు."

"నీదని నాకు తెల్దేటి? నీ తప్పుకి పోయీది ఎవులి పేనం అన్నియ్యా?"

ఎండలో నిలబడ్డాను. తరవాత ఎలా వచ్చిందో నోట్లోంచి వచ్చేసింది. "పడవ సరిసేసినాను. ముందు నానెక్కుతాను. నువ్వు ఒడ్డునుండి సూడు."

ఆవిడ చేతిలో చేప ఆగింది. "నీకు ఈతొచ్చేటి?"

"రాదు."

"మరి?"

"మరేటి? ఆడు నా పడవెక్కినప్పుడు ఆడి కాలు పని సేసిందేటి?"

ఆవిడ చేతిలో చేప దించింది. తరవాత లేచి తెడ్డు తీసింది. నా చేతికివ్వకుండా తనే పట్టుకుని ముందు నడిచింది.

ఫోన్‌లో సంగతి విని వచ్చిన నూరున్నీసా ఎక్కడి నుంచో లైఫ్ జాకెట్ తెప్పించి నాకు తొడిగింది. అన్ని బకిళ్ళూ తనే బిగించింది. ఒంటరిగా నేనెలా నడపగలను? చిట్టమ్మ తెడ్డు మొగుడి చేతిలో పెట్టి, "ఈ ఒక్కపాలికీ ఒట్టు అడ్డు రాదు, అన్నియ్యని తిప్పి తీసుకురా" అంది. అర్జునరావు సీటులో, నేను వాడి ముందు, మోకాళ్ళు పట్టుకుని. ఇద్దరి బరువుకి పడవ దిగింది. నాలుగు చిల్లుల్లోంచి నీళ్ళు బుడబుడమంటూ పైకి వచ్చాయి. ఏం చేస్తున్నానో తెలియకుండానే రెండు మడమలూ రెండు చిల్లుల మీద పెట్టి, మూడో దాని మీద అరచెయ్యి నొక్కాను.

"సెయ్యి తియ్యి బావా."

"నీల్లొత్తన్నాయిరా!"

"వొత్తాయి. తియ్యి."

మొదటి కెరటం కనిపిస్తోంది. తియ్యాలని ఉంది, చెయ్యి రావడం లేదు. ముప్పై రెండేళ్ళ అలవాటు. కలిమా చదువుకుని తీశాను. కెరటం మా ఇద్దరి మీద నుంచీ పోయింది. కళ్ళు తెరిచేసరికి ఒళ్ళంతా ముద్ద, పడవ నిండా నీళ్ళు. నిండినవి నిండినట్టే తగ్గిపోయి చీలమండల దగ్గర ఆగాయి. పడవ నిలబడే ఉంది. రెండోది, మూడోది కూడా అలాగే పోయాయి.

కెరటాలు దాటాక అర్జునరావు తెడ్డు ఆపాడు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. వాడు రెండేళ్ళ తరవాత సముద్రానికి ఎదురుగా కూర్చున్నాడు. కాసేపటికి ముక్కు చీదిన శబ్దం వినిపించింది.

ఒడ్డుకి వచ్చేసరికి చిట్టమ్మ నడుంలోతు నీళ్ళలో నిలబడి ఉంది. పడవ అంచు పట్టుకుని, తల వంచి, నాలుగు చిల్లులూ ఒక్కొక్కటే చూసింది. తరవాత నన్ను చూసింది.

"దిగు అన్నియ్యా."

"ఏటమ్మా?"

"ఒట్టు తీసి గట్టు మీద ఎట్టీసినాను. నువ్వు దిగు, ఆ మనిసిని ఎల్లనీ."

దిగాను. నా బరువు పోగానే పడవ లేచింది. మిగిలిన నీళ్ళన్నీ చిల్లుల్లోంచి కిందికి దిగిపోయాయి. అర్జునరావు తెడ్డు వేశాడు.

"మజ్జానం కూటికొచ్చీ!" అని అరిచింది చిట్టమ్మ. వాడు వెనక్కి తిరగకుండానే తెడ్డు పైకెత్తి చూపించాడు.