రాళ్లమిట్టను కొలిచిన టేపు

నేను ఒక దర్జీ టేపుని. అరవై అంగుళాల పొడవు, పసుపుపచ్చని ఒళ్లు, రెండు చివరలా ఇత్తడి తొడుగులు. నాతోపాటు ఆ రోజు కార్ఖానాలో పుట్టినవాళ్లందరిదీ ఇదే కొలత. మనుషులు కూడా దేవుడి దగ్గర నుంచి అలాగే సమానంగా వస్తారని విన్నాను. ఆ తర్వాత దారిలో ఏం జరుగుతుందో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.

నన్ను మొదట కొనుక్కున్నది బజారులో చొక్కాలు కుట్టే మస్తాన్ గారు. నేను నడుము చుట్టూ రాగానే మగవాళ్లు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కునేవారు. వారం తిరగ్గానే చొక్కా బిగుతైందని ఆయన మీద కేకలేసేవారు. అందుకే ఆయన ఏ కొలతకైనా లోపల కాస్త గుడ్డ వదిలేవారు. కాజాలు కుట్టడానికి వచ్చే నూకరత్నానికీ అదే నేర్పారు. చూపు మందగించి కొట్టు మూసేసిన రోజున నన్ను ఆమె మెడలో వేసి, "జాగ్రత్తమ్మా" అన్నారు.

అలా నేను రాళ్లమిట్టకు చేరాను. కొండవాలు మీద నలభైమూడు ఇళ్లు, కింద మురుగుకాలువ, అందరికీ కలిపి ఒకటే కుళాయి. నూకరత్నం శుక్రవారం మిషనుకు పసుపు, కుంకుమ పెట్టి, నా ఇత్తడి కొసకు కూడా ఒక బొట్టు పెట్టేది. అక్కడ నేను కొలిచినవన్నీ చిన్న జాకెట్లు, బడిపిల్లల లాగూలు. పొట్ట లోపలికి లాక్కునేవాళ్లు అక్కడ నాకు కనబడలేదు.

ఒకరోజు కార్పొరేషను నుంచి హేమలత అనే చిన్న ఆఫీసరమ్మ వచ్చింది. మిట్ట మధ్యగా ముప్పై అడుగుల రోడ్డు వేస్తారట, ఇక్కడివాళ్లకు ఊరికి పద్నాలుగు కిలోమీటర్ల అవతల ఇళ్లు ఇస్తారట. ఆమె విప్పిన పటంలో మేమున్న చోట 'ఖాళీ స్థలం' అని రాసి ఉంది.

చేపల బండి గంగులు వంగి చూశాడు. "మరి మేమంతా దెయ్యాలమా అమ్మగోరూ? ఓట్లప్పుడు బాగానే కనబడ్డామే!"

అందరూ నవ్వారు. హేమలత నవ్వలేదు. నూకరత్నం మాత్రం మెల్లగా అడిగింది. "అంత దూరంలో నాకు కుట్టడానికి జాకెట్టెవరిత్తారమ్మా? ఈడి చేపలు బజారుకొచ్చేలోపు ఏమవుతాయి?"

హేమలత పటం మడిచి, మిట్ట హద్దులు గీసిన ఒక పెద్ద కాగితం ఇచ్చింది. "సోమవారం బడిలో మీటింగు. పెద్దాఫీసరుగారు వస్తారు. నాలుగడుగులకు ఒక అంగుళం లెక్కన మీ ఇళ్లు ఇందులో చూపించండి. ఇళ్లూ, బండి తిరిగేంత దారీ ఈ గీతల్లో పడితే పెద్ద రోడ్డు వద్దు, మిమ్మల్ని పంపక్కర్లేదని నేను చెబుతాను. పడకపోతే నా మాట చెల్లదండీ."

నాలుగు రోజులు నూకరత్నం ఇల్లిల్లూ కొలిచింది. నేను గోడలకు ఒళ్లు రాసుకుంటూ, పొయ్యిలూ దేవుడి పటాలూ దాటుకుంటూ నడిచాను. ఆమెకు గీతలు గీయడం రాదు, కత్తిరించడం వచ్చు. అందుకని జాకెట్టు ముక్కల్లాగే ఖాకీ కాగితంతో ఒక్కో ఇంటికీ ఒక్కో ముక్క కత్తిరించి, వెనక పేరు రాయించింది.

సోమవారం బడి నేల మీద కాగితం పరిచి ముక్కలు పేర్చారు. ముప్పై ఇళ్లకే చోటు నిండిపోయింది. మిగతావి మురుగుకాలువ గీత దాటి పోయాయి. దారి లేనే లేదు.

పెద్దాఫీసరు గడియారం చూసుకున్నారు. "చూశారుగా, మీరే చెబుతున్నారు చోటు చాలదని. ఇంక సంతకాలు పెట్టండి."

"కొంపలు కాలవలో కలిపేశావు కదే నూకరత్నం!" అన్నాడు గంగులు. ఈసారి అతని గొంతులో వేళాకోళం లేదు.

నూకరత్నం నన్ను తీసి తన ఇంటి ముక్క మీద పెట్టింది. మూడంగుళాలు ఉండాల్సింది నాలుగుంది. ఇంకోటి కొలిచింది. అదీ అంతే. ఒక్కసారిగా నుదురు కొట్టుకుంది.

"అయ్యో, నా చేతులు పాడుగానూ! చుట్టూరా అరంగుళం వదిలేశాను బాబూ, జాకెట్టుకి వదిలినట్టు! ఒక్క గంట ఇప్పించండి."

పెద్దాఫీసరుకు నవ్వొచ్చినట్టుంది. కుర్చీలో వెనక్కి వాలి, కానివ్వమన్నారు. నూకరత్నం కత్తెర పట్టుకుంది. నలభైమూడు ముక్కల అంచులూ కత్తిరించింది. ఆడవాళ్లంతా నేల మీద కూర్చుని మళ్లీ పేర్చారు. ఇది మా గోడ, అది మీ అరుగు అని వాదించుకున్నారు. చివరికి ఇళ్లన్నీ గీతల్లో పడ్డాయి. కాలువ వెంబడి పదిహేనడుగుల దారి కూడా పడింది.

హేమలత మోకాళ్ల మీద కూర్చుని, ఆ దారి మలుపులో వేలు పెట్టింది. "ఇక్కడ అంబులెన్సు తిరగదు. ఈ ఒక్క ఇల్లు జరగాలి. ఎవరిదిది?"

అది ఎవరిదో అందరికీ తెలుసు. ఆమె కత్తెర దించి నన్ను పెట్టింది ఆ ముక్క మీదే.

"నాదేనమ్మా," అంది నూకరత్నం.

"మిమ్మల్ని పంపేయరు. పైన ఖాళీ ఉంది. ఎక్కడ పెట్టమంటారో మీరే చెప్పండి."

నూకరత్నం నన్ను పక్కకు జరిపి ఆ ముక్క అందుకుంది. ఉండమన్నవాళ్లూ, పొమ్మన్నవాళ్లూ ఆమె బతుకులో చాలామంది ఉన్నారు. ఎక్కడుంటావని అడిగినవాళ్లు లేరు. హద్దు గీత వెంబడి ముక్కను పైకి జరుపుకుంటూ పోయింది. తర్వాత దాన్ని మిట్ట పైకొసన, తూర్పుముఖంగా పెట్టింది.

"ఇక్కడమ్మా. మిషను మీద ఎలుతురు పడుద్ది."

పెద్దాఫీసరు కళ్లజోడు సవరించుకుని వంగి, ఆ ముక్క చుట్టూ తన కలంతోనే గీత గీశారు.

ఇప్పుడు నా అంకెలు చాలావరకు చెరిగిపోయాయి. నూకరత్నం కొత్త టేపు కొనుక్కుంది. నన్ను మాత్రం మిట్ట పైకొసన కట్టుకున్న ఇంట్లో కిటికీ పక్క మేకుకు తగిలించింది. మనుషులను ఎక్కడ ఉంచాలో దేవుడు వాళ్లనే అడిగి రాస్తాడో లేదో నాకు తెలియదు. తెల్లవారగానే ఎండ ముందు మిషను మీద పడుతుంది, తర్వాత మెల్లగా నా దాకా వస్తుంది.