పౌర్ణమి మర్నాటి పోటు

పెసరట్టు తిరగేస్తుండగా మా ఆయన మధు వంటింటి గుమ్మంలోకి వచ్చి, ఇవాళ అతిథుల్ని మడ దారిన తీసుకెళ్తున్నానని చెప్పాడు. మామూలుగా మా సైకిళ్లు పోయేది కాలవ గట్టు మీదుగా. రేపల్లె నుంచి నిజాంపట్నం వెళ్లే రోడ్డు పక్కన మా ఇల్లు. ఊళ్లు చూడ్డానికి వచ్చేవాళ్లకి రెండు గదులు, ఐదు బ్యాటరీ సైకిళ్లు ఉన్నాయి. వరిచేల మధ్యగా, తాటితోపు పక్కగా అడవులదీవి దాకా వెళ్లి వస్తారు. మడ దారి వేరు. అది ఆ ఊరు దాటాక, ఉప్పుటేరు పక్కన మడచెట్ల మధ్య నుంచి పోయే మట్టి కట్ట. సముద్రం వెనక్కి తీసినప్పుడే దాని మీద నడవగలం.

“నిన్న పౌర్ణమి కదండీ. ఇవాళ పోటు ఇంకా ఎక్కువుంటుంది. తొమ్మిదింటికల్లా కట్ట మునుగుతుంది. వద్దండి,” అన్నాను గొంతు తగ్గించి.

అతను నవ్వి, హాల్లోకి వెళ్లి, అక్కడ టిఫిన్ తింటున్న వాళ్లతో అన్నాడు: “మా దేవికి నీళ్లంటే భయమండి. ఇల్లు దాటితే కంగారు.”

హైదరాబాదు నుంచి వచ్చిన శశిధర్ మర్యాదకి నవ్వాడు. పన్నెండేళ్ల కూతురు శ్రావ్య పెసరట్టులోంచి అల్లం ముక్కలు ఏరుతోంది. శశిధర్ భార్య మనీషా మాత్రం నవ్వలేదు. గుమ్మంలో నిలబడ్డ నన్ను ఒక్క క్షణం చూసి తల దించుకుంది. నేను చట్నీ పట్టుకెళ్లి వడ్డించాను.

నేను పుట్టింది అడవులదీవిలోనే. మా నాన్న అక్కడ మిషన్ బడిలో టీచరు. బడి వదలగానే చేపల వేటకెళ్లే వాళ్ల పిల్లలతో కలిసి పీతల కోసం ఆ మడలోనే తిరిగేదాన్ని. ఏ వేళకి నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో నాకు ఎవరూ పుస్తకం పెట్టి చెప్పలేదు, కాళ్లకి తెలిసింది. మధు రేపల్లెలో రైసుమిల్లు ఉద్యోగం మానేసి ఈ సైకిళ్లు తెచ్చినప్పుడు, ఎక్కడ ఎండ తగలదో, ఎక్కడ కొంగలు వాలతాయో, ఆడవాళ్లు బాత్రూమ్‌కి వెళ్లాల్సొస్తే ఏ ఊళ్లో ఎవరింటి తలుపు తట్టొచ్చో చెప్పింది నేను. సైకిల్ మీద ముందు వెళ్లి దారి గుర్తులు పెట్టుకొచ్చిందీ నేనే. తీరా మొదటి బృందం వచ్చే రోజున మా అత్తయ్య, ఆడది ముందు పోతుంటే మగాళ్లు వెనకాల రావడమేంటి, చూసేవాళ్లు ఏమనుకుంటారని అంది. మధు ఆవిడ మాటే విన్నాడు. మర్నాటి నుంచి నేను వంటింట్లో ఉన్నాను. నాలుగింటికి లేచి బ్యాటరీలు చూడడం, బ్రేకులు చూడడం, దుప్పట్లు ఉతకడం, టిఫిను, మధ్యాహ్నం భోజనం. బోర్డు మీద మధుబాబు పేరు. ఈ దారి కనిపెట్టడానికి తనకి రెండేళ్లు పట్టిందని అతను కొత్తవాళ్లకి చెబుతుంటే, పక్కనే కాఫీ కప్పులు పట్టుకుని నిలబడి ఉంటాను. మొదట్లో నావైపు చూడకుండా చెప్పేవాడు. ఈమధ్య చూస్తూనే చెబుతున్నాడు. అబద్ధమని అతను నిజంగానే మర్చిపోయాడు. నాకు నొప్పి అక్కడ.

ఏడింటికి వెళ్లారు. ఎనిమిదింటికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. వంకాయలు తరుగుతూ మళ్లీ చేశాను. నాలుగోసారి చేస్తుంటే అత్తయ్య మంచం మీంచే, వాడికి తెలీదా, నీకెందుకంత ఆత్రం అంది. ఆమె అన్నట్టే తిరిగొచ్చేస్తారేమో. నేను వెళ్లానని తెలిస్తే అతిథుల ముందు నవ్వుతాడు, వాళ్లు వెళ్లాక వారం మాట్లాడడు. ఆ వారం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఉప్పు ఎక్కువైందని కూడా చెప్పకుండా కంచం పక్కకి నెట్టేస్తాడు. వంకాయ ముక్కలు నీళ్లలో వేసి, గోడకి ఆనించి ఉన్న ఐదో సైకిల్ బయటికి తీశాను. అత్తయ్య ఏదో అడిగింది. ఏమడిగిందో వినలేదు.

మూడేళ్ల తరవాత ఆ కాలవ గట్టు ఎక్కాను. మోటారు లాగుతుంటే చున్నీ వెనక్కి ఎగురుతోంది. పొట్టకొచ్చిన వరి మీంచి చల్లటి గాలి. తాటితోపు దగ్గర మలుపు తిరగ్గానే, నేను గుర్తు పెట్టిన చోటే, చేలో తెల్లగా కొంగలు. భయంగానే ఉంది. ఆ భయం మధ్యలోనే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, హాయిగా కూడా ఉంది. అవతల ఒక పిల్ల నీళ్లలో ఉందేమో, నీకు హాయేంటి అని నన్ను నేనే తిట్టుకుని వేగం పెంచాను.

కట్ట మొదట్లోకి వెళ్లేసరికి తొమ్మిది దాటింది. అప్పటికే నడుమ పల్లం మునిగిపోయింది. నీటికి అవతల, తిరిగొస్తూ నలుగురూ కనపడ్డారు. సైకిళ్ల మోటార్లు ఆగిపోయినట్టున్నాయి. మధు తన సైకిల్‌ని నెట్టుకుంటూ, తిన్నగా రండి, ఏం కాదు, అని వెనక్కి చెబుతున్నాడు. తిన్నగా వస్తే పల్లం. శ్రావ్య అప్పటికే అందులో దిగింది. నడుము దాకా నీళ్లు, కాళ్లు బురదలో దిగబడి కదలడం లేదు. మనీషా ఒడ్డున పడుకుని కూతురి చెయ్యి పట్టుకుంది. శశిధర్ ఎటు దిగాలో తెలీక నిలబడిపోయాడు.

“సైకిళ్లు వదిలెయ్యండి,” అని ఇవతల నుంచి చెప్పాను. “ఎడమవైపు నీళ్లకింద రాళ్ల వరస ఉంది. చెట్ల వేళ్లు పట్టుకుని దాని మీద రండి.”

చెప్పులు విప్పి నేనూ దిగాను. రాళ్లు చిన్నప్పుడు ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. శ్రావ్య దగ్గరికి వెళ్లి, కాలు పైకి లాగకమ్మా, వెనక్కి వాలు అన్నాను. ఆ పిల్ల నా మెడ పట్టుకుని వాలింది. ఒక కాలు వచ్చింది. రెండోది రావడానికి చాలాసేపు పట్టింది. ఈలోపు నీళ్లు ఆ పిల్ల ఛాతీ దాకా వచ్చాయి. తనని ఇవతలకి చేర్చి, మనీషానీ శశిధర్‌నీ ఒకరి తరవాత ఒకర్ని రాళ్ల మీద నడిపించాను. మధు సైకిల్ వదల్లేదు. తొడల దాకా నీళ్లలో దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. వెనక్కి వెళ్లి చెయ్యి అందిస్తే పట్టుకున్నాడు. గట్టెక్కాక, ఇంకా నా చెయ్యి వదలకుండానే, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు: “ఎవర్నడిగి బండి తీశావు?”

నేను శ్రావ్య కాళ్ల బురద కడగడానికి వెళ్లిపోయాను.

దగ్గర్లోని రొయ్యల చెరువు వాళ్ల ఆటోలో ఇల్లు చేరాం. అతిథులు స్నానాలు చేస్తుంటే మధు వంటింట్లోకి వచ్చాడు. పొద్దున నవ్వినవాడు కాదు. ఎవరికీ తెలియని పోటు ఇవాళ వచ్చిందని చెప్పమన్నాడు. వాళ్లు ఇంటర్నెట్‌లో ఒక్క మాట రాస్తే మన పేరు పోతుంది, మన కష్టం పోతుంది, అన్నాడు. సైకిళ్లు అతనివి, దారి అతనిది, పేరు అతనిది. పోటు వచ్చాక మాత్రం అన్నీ మనవయ్యాయి. అతను చెప్పింది తప్పని అనలేను. ఇక్కడికి మనుషులు రాకపోతే మాకు ఇంకో బతుకుతెరువు లేదు. వంకాయ కూర కలుపుతూ అంతా ఆలోచించాను. ఒక్క అబద్ధం. ఇన్నేళ్లుగా నేను చెప్పకుండా దాచుకున్న నిజాల పక్కన ఇది చిన్నదే.

భోజనాల దగ్గర మధు మొదలుపెట్టాడు. సముద్రం మీద ఏదో వాయుగుండం అట, అందుకే ఇలా అయిందట. శశిధర్ తల ఊపాడు. మనీషా అన్నం ముట్టుకోలేదు. పక్కన కూర్చున్న శ్రావ్య వీపు మీద చెయ్యి వేసి, నన్ను అడిగింది.

“అక్కా, పొద్దున వంటింట్లో ఆయనతో మీరేదో అన్నారు. ఏంటది?”

మధు నావైపు చూశాడు. లోపల అత్తయ్య మంచం కిర్రుమంది. చేతిలో అన్నం గిన్నె వేడిగా ఉంది, దాన్ని బల్ల మీద పెట్టాను.

“తొమ్మిదింటికి కట్ట మునుగుతుంది, వద్దని చెప్పానండి,” అన్నాను. “వాయుగుండం ఏమీ లేదు. ప్రతి పౌర్ణమికీ అంతే. తప్పు మాదే. మీరు రాయాలనుకుంటే రాయండి.”

మధు కుర్చీ వెనక్కి జరిపి బయటికి వెళ్లిపోయాడు. వరండా మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు వినిపించి ఆగిపోయింది. మనీషా కళ్లు తుడుచుకుంది. కాసేపటికి శ్రావ్య నెమ్మదిగా, రేపు ఇంక సైకిల్ ఉండదా ఆంటీ, అని అడిగింది. ఆ పిల్లకి రేపు అనే మాట ఇంకా మిగిలే ఉంది.

“మీ అమ్మ సరేనంటే ఉంటుంది,” అన్నాను. “కాలవ గట్టు మీదుగా. ముందు నేనుంటాను.”

ఆ మాట బయటికి కూడా వినపడే ఉంటుంది. ఆకలి వేసింది. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఇంకో కంచం తెచ్చుకుని, మధు లేచి వెళ్లిన కుర్చీలో కూర్చుని, అన్నం పెట్టుకున్నాను.