నార్మల్ అని రాసిన ట్యూబు

నా భార్యని పుట్టింట్లో అందరూ గడగడ అని పిలిచేవారు. ఎక్కడా ఆగకుండా గడగడా మాట్లాడుతుందని వాళ్ల నాన్న పెట్టిన ముద్దుపేరు. పెళ్లయిన కొత్తలో నాకు ఆ వేగం అందేది కాదు, సగం విని తలూపేవాడిని. ఆ తలూపడాన్ని సరే అన్నట్టు లెక్కేసుకుని ఆమె కర్టెన్లు మార్చేసేది, చుట్టాలకి మాట ఇచ్చేసేది, ఒకసారి ఏకంగా ఇల్లే మార్పించేసింది. ఆ ఇంటి ముందుగదిలోనే నా రక్తపరీక్షల ల్యాబ్. వెనక రెండు గదుల్లో మా కాపురం.

కౌంటర్ దగ్గర ఆమె కూర్చునేది. గాజు తలుపు ఇవతల నేనూ, నా మెషీనూ. వచ్చినవాళ్ల పేరూ వయసూ రాసుకుని, వాళ్ల కష్టసుఖాలన్నీ విని, ట్యూబుకి చీటీ అంటించి లోపలికి పంపేది. సూది గుచ్చడం, పరీక్ష చేయడం, రిపోర్టు మీద సంతకం నా వంతు. నా సంగతి ముందే చెప్పేస్తాను. నాకు చాదస్తం ఎక్కువ. బల్ల మీద పెన్ను వంకరగా ఉన్నా ప్రాణం ఒప్పదు. పాతికేళ్లలో నా రిపోర్టు తప్పని ఏ డాక్టరూ వెనక్కి పంపలేదు. ఈ మాట ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పానో మా వీధి వీధంతా సాక్ష్యం. ఆ పొగరుతోనే ఇదంతా జరిగింది.

ఏ మెషీన్నయినా అప్పుడప్పుడూ సరిచూసుకోవాలి. దానికోసం కంపెనీవాళ్లు చిన్న సీసాలో సీరమ్ పంపుతారు. దాని విలువ ఎంతో సీసా మీదే రాసి ఉంటుంది. మెషీన్‌లో పెడితే అదే అంకె రావాలి. వస్తే మెషీన్ నిజం చెబుతున్నట్టు. దాన్ని మేం కంట్రోల్ అంటాం. పోయిన ఏడాది థైరాయిడ్ పరీక్షకి ఆ సీసాలు రావడం ఆగిపోయింది. ఎప్పుడు ఫోన్ చేసినా "వచ్చే వారం పంపుతాం సార్" అనేవాళ్లు. ఆ వచ్చే వారం పద్నాలుగు నెలలు రాలేదు.

నాకు పని నేర్పిన పెద్దాయన ఇలాంటి ఇబ్బంది వస్తే ఒక ఉపాయం చేసేవాడు. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం తీసి, దాన్నే కొలతగా పెట్టుకునేవాడు. అలాంటి మనిషి నా ఇంట్లోనే ఉంది. అప్పటికి మూడేళ్లుగా ఎప్పుడు చూసినా ఆమె టీఎస్‌హెచ్ రెండు. గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి మందగిస్తే ఆ అంకె పెరుగుతుంది, మరీ జోరు చేస్తే తగ్గుతుంది. రెండంటే లక్షణమైన అంకె.

అలా మొదలైంది. ప్రతి సోమవారం ల్యాబ్ తలుపు తీయకముందే ఆమె స్టూలు మీద కూర్చుని, స్వెటర్ చేయి పైకి లాక్కుని, చేయి చాపేది. ఆ ట్యూబు మీద పేరు రాసేవాడిని కాదు. నార్మల్ అని రాసేవాడిని.

"మొగుడి చేత నార్మల్ అనిపించుకున్న ఆడది ఈ వీధిలో నేనొక్కదాన్నే," అని నవ్వేది.

మొదటి రెండు నెలలూ ఆమె అంకె రెండే వచ్చింది. మూడో నెల రెండూ పాయింట్ మూడు. మెషీన్ బల్బు పాతది, దాని పని అయిపోవస్తోంది అనుకున్నాను. మెషీన్‌లో సవరణ అంకె అని ఒకటి ఉంటుంది, ప్రతి ఫలితాన్నీ దాంతో గుణించి చూపిస్తుంది. దాన్ని కాస్త తగ్గిస్తే వచ్చే ఫలితాలన్నీ ఆ మేరకు తగ్గుతాయి. తగ్గించాను, రెండు వచ్చింది. ఆ పై నెల మళ్లీ పెరిగింది, మళ్లీ తగ్గించాను. ప్రతిసారీ ఆ సవరణని నోట్‌బుక్‌లో తారీఖుతో సహా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాను. నా చేతిరాత చూసి నేనే మురిసిపోయే రకాన్ని.

ఆ చలికాలం నుంచి గడగడ మాటలో వేగం తగ్గింది. మొదట నాకు హాయిగానే అనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఎట్టకేలకు ఆమె మాట నాకు పూర్తిగా అందుతోందని చుట్టాల దగ్గర జోకులు కూడా వేశాను. తర్వాత గొంతు బొంగురుపోయింది. పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బి ఉండేది. దువ్వెన నిండా జుట్టు. వేలికి ఉంగరం బిగుసుకుంటుంటే తీసి డబ్బాలో పడేసింది. అందరూ ఫ్యాన్ వేయమంటుంటే ఆమె స్వెటర్ మీద శాలువా కప్పుకునేది. ఒక మధ్యాహ్నం కౌంటర్ మీద తల వాల్చి నిద్రపోతుంటే ముగ్గురు నిలబడి ఆమె లేచేదాకా ఎదురుచూశారు.

"ఏమండీ, నాకూ ఒకసారి థైరాయిడ్ చూడకూడదూ? లక్షణాలన్నీ అలాగే ఉన్నాయి. రోజూ ఆ రిపోర్టులు కవర్లో పెట్టి ఇచ్చేది నేనేగా," అంది ఒకరోజు.

"నిన్ను చూసేగా ఊరందరికీ చూస్తున్నాను," అన్నాను నేను.

అయినా బుధవారం నాడు మిగతావాళ్ల ట్యూబుల మధ్య ఆమెదీ పెట్టి చేశాను. రెండూ పాయింట్ ఒకటి. ఎందుకు రాదు? ఆమెకి రెండు వచ్చేలా ఆ మెషీన్ చెవి మెలిపెట్టింది నేనే. ఆ రిపోర్టు మీద సంతకం చేసి, "చూశావా, ఏం లేదు, అంతా నీ మనసులోనే ఉంది," అని ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి, పర్సులో దాచుకుంది. ఆ తర్వాత తన ఒంటి గురించి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనం నేను చేయగా వచ్చిందే.

ఎదురుగా క్లినిక్ నడిపే డాక్టరమ్మ ఒకసారి తనే ల్యాబ్‌లోకి వచ్చింది.

"ఏమిటండీ, మీ దగ్గర్నుంచి వచ్చే థైరాయిడ్ రిపోర్టులన్నీ జోరు జోరు అని పరుగులు పెడుతున్నాయి? ఈ రెండు నెలల్లో మందు రాసి రాసి నా చేయి పడిపోతోంది."

"నీళ్లు మారాయేమో, డాక్టర్ గారూ," అన్నాను. ఎంత ధీమాగా అన్నానో.

ఆమె కళ్లు కౌంటర్ మీద పడ్డాయి. నా భార్యని కుర్చీ మీద మోకాళ్లూనించి నిలబెట్టి, చిన్న రబ్బరు సుత్తితో మడమ పైన తట్టింది. పాదం ఎగిరింది, కానీ కిందికి దిగడానికి బద్ధకించినట్టు మెల్లగా దిగింది. డాక్టరమ్మ ఇంకోసారి తట్టి చూసింది.

"రిపోర్టు ఏమంటోంది?"

"నార్మల్," అన్నాను.

"నాకెందుకో నమ్మబుద్ధి కావట్లేదు. థైరాయిడ్ మందగించినవాళ్ల పాదమే ఇలా మెల్లగా దిగుతుంది. పెద్దాసుపత్రి ల్యాబ్‌లో ఒకసారి చేయించండి."

నాకు ఒళ్లు మండిపోయింది. అది నా ముఖంలోనే కనిపించింది. నా భార్య నా వంక చూసి, "ఎందుకులెండి డాక్టరమ్మా, ఆయన చేత్తో చేసిందుండగా నేను ఇంకోచోటికి పోతే ఊళ్లో ఏమనుకుంటారు," అంది. ఆ ఒక్క మాట పూర్తి చేయడానికి ఆమెకి ఎంతసేపు పట్టిందో నేను గమనించాను. గమనించి ఊరుకున్నాను.

మూడు వారాల తర్వాత ఒక సోమవారం పొద్దున పోస్ట్‌మ్యాన్ ఒక పెట్టె తెచ్చాడు. ఎప్పుడూ సైకిల్ దిగకుండానే ఉత్తరాలు విసిరేసి పోయే మనిషి. చేతులు కాస్త వణుకుతున్నాయని వస్తే నేనే పరీక్ష చేసి, థైరాయిడ్ జోరుగా ఉందని రిపోర్టు ఇచ్చాను. డాక్టరమ్మ దాన్ని నెమ్మదింపజేసే మాత్రలు రాసింది. ఆ రోజు సైకిల్ తోసుకుంటూ వచ్చి, పెట్టె ఇచ్చి, మెట్టు మీద కూలబడ్డాడు.

"కాస్త ఆగి వెళ్తానండీ. ఈమధ్య కాళ్లు ఈడ్చుకుంటూ తిరుగుతున్నాను. అమ్మగారేరీ, గొంతు వినపడట్లేదు?"

"పడుకుంది," అన్నాను. ఆమె ఆ పొద్దున లేవలేదు. లేపితే, ఇంకాసేపు అని గొణిగి అటు తిరిగింది. వెలుగులో చూస్తే పోస్ట్‌మ్యాన్ కళ్ల కింద కూడా అదే ఉబ్బు. అది ఎందుకో ఆలోచించకుండా పెట్టె విప్పాను.

కంట్రోల్ సీసాలు వచ్చాయి. ఇక ఆమెకి సూది గుచ్చనక్కర్లేదని సంతోషపడ్డాను కూడా. సీసా మీద ఐదు అని ఉంది. పరీక్ష పూర్తవడానికి గంటన్నర పడుతుంది. మెషీన్ సున్నా పాయింట్ రెండు ఐదు చూపించింది.

కంపెనీవాళ్లని నోటికొచ్చినట్టు తిట్టాను. పద్నాలుగు నెలలు ఆగి పాడైపోయిన సరుకు పంపారని ఫోన్ కూడా తీశాను. నంబరు కోసం నోట్‌బుక్ తెరిస్తే సవరణల పేజీ వచ్చింది. పైనుంచి కిందికి చూశాను. బల్బు పాతబడితే అంకెలు ఒకసారి ఇటూ ఒకసారి అటూ ఊగాలి. నా పేజీలో ఒక్కసారి కూడా పెరగలేదు. నెల నెలా మెట్లు దిగినట్టు దిగి, చివరి రెండు నెలల్లో జారిపోయింది. మొదట ఒకటి ఉన్న సవరణ ఇప్పుడు ఇరవయ్యో వంతు.

సవరణ తీసేసి చూశాను. సీసా ఐదు చూపించింది. మెషీన్‌కి ఏ రోగమూ లేదు.

ఆగిపోతున్న గడియారాన్ని చూసి ఊళ్లో గడియారాలన్నీ తిప్పినవాడిని నేను. ఊరంతా పరుగులు పెడుతోందని రిపోర్టులు రాశాను, నా భార్య ఒక్కతే సరిగ్గా ఉందన్నాను. రెండుని ఇరవైతో గుణిస్తే నలభై. నాలుగు దాటితేనే అనుమానించాల్సిన అంకె నలభైలో ఉంది. చిన్నపిల్లలైనా చేయగల లెక్క అది. అప్పుడే లేచి వెనకగదిలోకి పరుగెత్తాల్సింది. కానీ నేను అంకె కళ్లతో చూడందే దేన్నీ నమ్మని మనిషిని. పోయిన సోమవారం ట్యూబు ఫ్రిజ్‌లో మిగిలి ఉంది. దాన్ని పరీక్షకి పెట్టి, మళ్లీ గంటన్నర ఆ స్టూలు మీదే కూర్చున్నాను. ఆమె కూర్చునే స్టూలు. వెనకగదిలోంచి దగ్గు లేదు, మంచం కిర్రుమన్న చప్పుడు లేదు. ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేనిది ఆ గంటన్నర.

నలభై రెండు వచ్చింది.

వెనకగదిలో ఆమె రెండు దుప్పట్ల కింద వెల్లకిలా పడుకుని ఉంది. నుదురు ముట్టుకుంటే గోడ ముట్టుకున్నట్టు చల్లగా ఉంది. పిలిచాను. గడగడా అని, వాళ్ల నాన్న పిలిచినట్టు పిలిచాను. రెప్పలు కదిలాయి గానీ కళ్లు తెరవలేదు. వీధి దాటి డాక్టరమ్మ చేయి పట్టుకుని లాక్కొచ్చాను. దారిలోనే అంతా చెప్పేశాను. వస్తూనే డాక్టరమ్మ నాడి పట్టుకుని గడియారం వంక చూసింది, ఒక నిమిషం పూర్తయ్యేదాకా చూసింది.

"నాడి నలభై కూడా లేదు," అంది. చంకలో పెట్టిన థర్మామీటర్‌లో పాదరసం అట్టడుగునే ఉండిపోయింది. అంబులెన్స్‌కి ఫోన్ చేసి, మందు పేరూ మోతాదూ ఆసుపత్రివాళ్లకి చెప్పి, నా వైపు తిరిగింది.

"ఎప్పట్నుంచి ఇలా చేస్తున్నారు?"

"పద్నాలుగు నెలల్నుంచి."

"అందరికీనా?"

"అందరికీ."

"పోస్ట్‌మ్యాన్‌కి మొన్ననే మాత్ర పెంచాను," అంది, నాతో కాదు, తనలో తనే. "మీ రిజిస్టర్ నాకివ్వండి. ఒక్కొక్కరికీ ఇప్పుడే ఫోన్ చేయాలి. ఈలోగా ఆమె రక్తం తీయండి. మందు పడకముందు తీసినది కావాలి, వాళ్ల ల్యాబ్‌కి పంపుదాం. త్వరగా."

సూదీ ట్యూబూ తెచ్చాను. దుప్పటి కాస్త తొలగించి, జబ్బకి రబ్బరు పట్టీ కట్టాను. ఆ బిగింపు తగిలేసరికి ఆమె కళ్లు సగం తెరుచుకున్నాయి.

"సోమవారమా?" అంది. బావిలోంచి వచ్చినట్టుంది గొంతు.

"ఆఁ. సోమవారమే."

ఆమె స్వెటర్ చేయి పైకి లాక్కోవాలని చూసింది. అప్పటికే నేను లాగి ఉంచానని తెలియలేదు. రెండో చేతి వేళ్లు కాసేపు గాలిలో వెతికి, మంచం మీద పడిపోయాయి. చాపిన చేయి మాత్రం అలాగే ఉంచింది, నాకు అడ్డం రాకుండా. ఎన్నో ఏళ్లుగా కళ్లు మూసుకుని గుచ్చే నరం ఆ రోజు రెండుసార్లు తప్పింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె "పర్లేదు" అంది.

ట్యూబు నిండింది. చీటీ అంటించి పెన్ను తీశాను. పద్నాలుగు నెలల అలవాటుకి చేయి దానంతటదే మొదటి అక్షరం రాసేసింది. కొట్టేశాను. ఆ పక్కనే ఆమె పేరు రాశాను. ముద్దుపేరు కాదు, ఆమె అసలు పేరు, ఇంటిపేరుతో సహా, వంకరటింకరగా.

వీధి చివర అంబులెన్స్ మోగుతోంది. ముందుగదిలో డాక్టరమ్మ రిజిస్టర్ చూస్తూ ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతోంది, ఆ మాత్ర ఇక వేసుకోకండి అంటోంది. నా భార్య నా చేతిలో ట్యూబు వంకే చూస్తోంది. కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషి కదా, చీటీ చదవకుండా ఏ ట్యూబునీ వదలదు. ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ చాలాసేపు చదివింది.

"నార్మల్ అని రాయలేదేం?" అంది.