రెండు వందల యాభై ఆరు నంబర్ల కాపలా

నేను ఒక నంబర్ల కట్టను. మొత్తం రెండు వందల యాభై ఆరు. వీధిలో ఇంటి నంబరు ఎలాంటిదో, ఇంటర్నెట్‌లో మేం అలాంటివాళ్లం. నన్ను ఏ కార్ఖానాలోనూ చేయలేదు. దూరదేశంలో ఒక సంస్థ తన రిజిస్టరులో ఒక వరుస రాసి, ఎదురుగా చీరాల కేబుల్ ఆపరేటరు చలువాది కోటిలింగం పేరు వేసింది. అదే నా పుట్టుక. కొత్త కట్టలు అయిపోయాక నా ధర సెంటర్లో స్థలం ధరలా పెరిగింది.

కోటిలింగం నన్ను సొంత సరుకనుకున్నాడు. ఏటా ఫీజు కట్టినంత కాలమే నేను ఆయనదాన్ని. ఆ ఫీజులతోనే సంస్థ నడుస్తుంది, కట్టినవాళ్లందరికీ ఓటుంటుంది. ఓటు మెయిలు వస్తే ఆయన ప్రకటన అనుకుని చెరిపేసేవాడు.

ఈ ఏడు ఫీజు సగం మేర పెంచాలని ప్రతిపాదన వచ్చింది. కోటిలింగం భగ్గుమన్నాడు. చుట్టుపక్కల ఆపరేటర్లందరికీ ఫోన్లు చేసి వద్దని ఓటేయమన్నాడు. చివరి రోజున తానూ వేయబోతుంటే, ఆఫీసు చూసుకునే చెల్లెలు మాణిక్యాంబ ఆపింది.

"అన్నయ్యా, నిరుడు మూడుసార్లు ఫోన్ చేసిన అమ్మాయి గుర్తుందా? లోన్లమ్మే మనిషనుకుని తిట్టావే!"

"అయితే ఏంది?"

"ఆమె ఆ సంస్థ మనిషి. ఎవడో మన లెటర్‌హెడ్డు దొంగగా అచ్చేయించి, నంబర్లు వాడి పేరుకి మార్చమన్నాడు. నీ తిట్లు తిని కూడా మళ్లీ చేసింది, మూడోసారి నేనెత్తి ఆ ఉత్తరం మాది కాదన్నా కాబట్టి దక్కాయి. డబ్బు చాలకపోతే అట్లా తనిఖీ చేసేవాళ్లనే తగ్గిస్తారంట. ఫీజు ఎందుకు పెంచుతున్నారో రాసిన కాగితం చదివావా?"

"చదవలా."

ముప్పావు గంట కూర్చుని చదివాడు. నా ఒక్కో నంబరును ఏడెనిమిది ఇళ్లు పంచుకుంటాయి; నేను చేజారితే రెండు వేల ఇళ్లలో నెట్ ఆగుతుంది. నాలాంటి కట్ట మళ్లీ కొనాలంటే ఇరవయ్యేళ్ల ఫీజు ఒక్కసారే పోయాలి. బేరం ఆయనకు అర్థమైంది. పెంచడానికే ఓటేశాడు. ఊరికే ఇచ్చే రకం కాదు గనుక, "జీతాల లెక్క ఏటా మాకు చూపాలి" అని కింద రాశాడు. ఆపైన రేపల్లె ఆపరేటరు సుబ్బారాయుడికి తనే ఫోన్ చేసి చెప్పాడు.

"మమ్మల్ని బస్సెక్కించి నువ్వు దిగిపోయావేంది బావా? నా ఓటు పొద్దున్నే పడిపోయింది!"

"తప్పు నాదే. మిగతావాళ్లకన్నా చెబుతా, ఫోన్ పెట్టు."

ప్రతిపాదన ఏడు ఓట్ల తేడాతో గట్టెక్కింది. పెరిగిన ఫీజును కోటిలింగం గడువుకు ఇరవై రోజుల ముందే కట్టేశాడు. ఆయన ఏ బిల్లయినా ముందుగా కట్టడం నేనెన్నడూ చూడలేదు.